పద్యం అప్పజెప్తే బుద్ధి వస్తుందా?

హోసూరు: వరండాలో ఓ చెక్క బల్ల. దాని మీద పెన్సిళ్లు, రబ్బర్లు, గీతల నోటుపుస్తకాలు, ఐదు రూపాయల పెన్నులు. పక్కనే మూత పెట్టిన పాత బిస్కెట్ డబ్బా. తాళం లేదు. అమ్మేవారూ లేరు. కావాల్సింది తీసుకుని, అట్ట ముక్క మీద రాసిన ధర చూసి, డబ్బు డబ్బాలో వెయ్యాలి. చిల్లర కూడా అందులోంచే తీసుకోవాలి. పేరు ‘నిజాయితీ అంగడి’.

తమిళనాడు, కేరళల్లో చాలా బడుల్లో ఇలాంటి అంగళ్లు పెట్టారు. ఇది హోసూరు నుంచి బాగలూరు పోయే దారిలో ఓ పల్లె బడి. పేరు రాయొద్దని ప్రధానోపాధ్యాయురాలు ముందే మాట తీసుకున్నారు. కారణం తర్వాత తెలిసింది. మొదటి వారం లెక్క చూస్తే డబ్బాలో నలభై మూడు రూపాయలు తక్కువ!

అసలు విశేషం అది కాదు. ఆ బల్లకు పైన గోడ మీద రెండు పలకలున్నాయి. ఒకదాని మీద తమిళంలో తిరుక్కురళ్. దొంగతనం కూడదని చెప్పే 29వ అధ్యాయంలోది. రెండోదాని మీద తెలుగులో వేమన పద్యం. పిల్లల్ని అడిగితే రెండూ గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. రాగం తీసి మరీ చెప్పారు. ‘‘నోటికి రానోడు ఒక్కడూ లేడు సార్. డబ్బులు మాత్రం వచ్చినాయి కాదు’’ అని నవ్వారు ఆ టీచరమ్మ. నవ్వులో దిగులుంది.

తెలుగు పోయింది.. నీతి పోయిందా?

సరిహద్దు జిల్లాల్లో తెలుగువాళ్ల సభ ఎక్కడ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ‘‘మన పిల్లలకి వేమన రాడు, సుమతి రాదు, అందుకే ఇట్ల అయిపోయినారు’’ అని. హోసూరు, డెంకణికోట, తళి, కృష్ణగిరి.. ఎక్కడైనా అదే మాట. అటు బళ్లారి, కోలారులోనూ, ఇటు బరంపురంలోనూ యాస మాత్రమే మారుతుంది.

బాధ ఉత్తదేం కాదు. 2006లో తమిళనాడు తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో మెట్టు పైకెక్కింది. ఆ తొలి జట్టు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి గొడవ కోర్టుల దాకా పోయింది. తెలుగు పుస్తకం బడి సంచిలోంచి జారిపోతుంటే, దాంతోపాటే ఏదో పెద్ద వస్తువు పోతోందన్న భయం తల్లిదండ్రుల్లో పట్టుకుంది. ఆ పెద్ద వస్తువుకు వాళ్లు పెట్టిన పేరు ‘నీతి’.

కానీ నిదానంగా ఆలోచిస్తే ఇవి రెండు వేర్వేరు దుఃఖాలు. భాష పోవడం ఒకటి, బుద్ధి పోవడం మరొకటి. మన చుట్టూ ఉన్న ఏ భాషలో నీతి చెప్పే కవి లేడు గనుక? తమిళంలో వళ్లువర్ ఉన్నాడు. కురళ్‌ను బడి పాఠాల్లో విరివిగా చేర్చాలని 2016లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం చెప్పింది. కన్నడంలో సర్వజ్ఞుడున్నాడు. ఆయన త్రిపదులు వింటే వేమనకు తమ్ముడేమో అనిపిస్తుంది. షోలాపూర్, భివండిలో మగ్గాల మధ్య పెరిగిన మన పద్మశాలి పిల్లలకు తుకారాం అభంగాలు పరాయివి కావు. ఒడిశా పల్లెల్లో భాగవత టుంగీలు ఉండేవి. సాయంత్రమైతే ఊరంతా అక్కడ చేరి జగన్నాథదాసు భాగవతం వినేది.

ఆ మాటకొస్తే నీతి కవులకు సరిహద్దులు మనమే గీశాం. బెంగళూరు అలసూరులో తిరువళ్లువర్ విగ్రహం 1991 నుంచి పద్దెనిమిదేళ్లు గుడ్డ కప్పుకుని నిలబడింది. 2009 ఆగస్టులో చెన్నై అయనావరంలో సర్వజ్ఞుడి విగ్రహం పెడతామన్నాక గాని దానికి ముసుగు తీయలేదు. ద్వేషం వద్దన్న ఇద్దరు కవులకు విగ్రహాల మార్పిడి ఒప్పందం కావాల్సి వచ్చింది! వేమన సంగతి నయం. కర్ణాటక ప్రభుత్వం ఏటా జనవరి 19న ఆయన జయంతి జరుపుతోంది. 1829లోనే బ్రౌను దొర ఆయన పద్యాల్ని ఇంగ్లిషులోకి మార్చి అచ్చేశాడు. అంటే ఏ భాషలో చదివినా పిల్లాడికి నీతి పద్యాలకు కరవు లేదు. మరి డబ్బా ఎందుకు తక్కువైంది?

అయ్యవారి ఒప్పుకోలు

ఈ ప్రశ్న పట్టుకుని ఓ విశ్రాంత తెలుగు అయ్యవారి దగ్గరకు వెళ్లాం. ముప్పై ఏళ్లకు పైగా పద్యాలు చెప్పిన మనిషి. శతకాలు రాని పిల్లాడిని మధ్యాహ్నం అన్నానికి వదిలేవారు కాదట. ‘‘మా కాలంలో..’’ అని మొదలుపెడతారనుకున్నాం. అలాగే మొదలుపెట్టారు. ఓ పావుగంట తర్వాత గొంతు తగ్గించారు.

‘‘ఒక మాట చెప్తానప్పా. నూరు పద్యాలు తప్పు లేకుండా అప్పజెప్పినోడు నా దగ్గర ఒకడుండె. బహుమతి నా చేత్తోనే ఇచ్చినాను. ఈ పక్క ఫ్యాక్టరీలొచ్చి భూమి ధర పెరిగినాక వాడు చేసిందేమంటే, చదువు రాని అన్న వేలిముద్ర తీసుకుని మూడెకరాలు తన పేరున రాయించుకున్నాడు. ఆ అన్నకి ఒక్క పద్యమూ రాదు. ఇంతవరకు తమ్ముడి మీద కేసు వెయ్యలేదు. వీళ్లిద్దర్లో నేను చదువు చెప్పింది ఎవరికి?’’

ఆ ప్రశ్నకు ఆయన జవాబు ఆశించలేదు. కాఫీ చల్లారిపోయింది.

గుర్రపు స్వారీ నేర్పాడు గాని..

అయ్యవారికి తెలిసో తెలియకో, ఈ సందేహం ఇరవై నాలుగు వందల ఏళ్ల నాటిది. గ్రీసు దేశపు ఏథెన్సులో మెనో అనే కుర్రాడు సోక్రటీసును అడిగాడు.. మంచితనం నేర్పితే వస్తుందా, అలవాటుతో వస్తుందా, పుట్టుకతోనా అని. ప్లేటో దాన్ని గ్రంథం చేశాడు. అందులో సోక్రటీసు ఓ గడుసు ఉదాహరణ ఇస్తాడు. థెమిస్టొక్లీస్ ఏథెన్సులో మహా నాయకుడు. కొడుక్కి గుర్రపు స్వారీ నేర్పించాడు. ఆ కొడుకు పరుగెత్తే గుర్రం మీద నిటారుగా నిలబడి ఈటె విసిరేవాడట. కానీ తండ్రి గొప్పదనం మాత్రం ఆ కొడుక్కి రాలేదు. నేర్పగలిగేదే అయితే కన్నకొడుక్కి నేర్పకుండా ఉంటాడా?

మన ఊళ్లోనూ ఇది తెలియని సంగతి కాదు. పండిత పుత్రుడి సామెత మనదే కదా.

ఇది మాటలతో తేలదని కొందరు పరీక్ష పెట్టి చూశారు. 1920ల్లో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు పది వేలకు పైగా బడి పిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. పిల్లలతో పరీక్ష రాయించి, కాగితాలు తీసుకుని రహస్యంగా నకలు రాసుకుని, మర్నాడు ‘మీ మార్కులు మీరే వేసుకోండి’ అని తిరిగిచ్చేవారు. ఎవరు దిద్దుకున్నారో నకలుతో తేలిపోయేది. చిల్లర నాణేలున్న పెట్టె ఇచ్చి ఎవరు తిరిగి పెడతారో చూసేవారు. 1928 నుంచి 1930 దాకా మూడు సంపుటాల్లో ఫలితాలు అచ్చయ్యాయి. అవి చాలామంది పెద్దలకు రుచించలేదు.

నిజాయితీపరుల గుంపు, మోసగాళ్ల గుంపు అని విడివిడిగా లేవు. లెక్కల పరీక్షలో కాపీ కొట్టిన పిల్లాడు నాణెం ముట్టలేదు. నాణెం జేబులో వేసుకున్నవాడు ఆటలో అబద్ధమాడలేదు. ఏది తప్పో ఏది ఒప్పో బాగా చెప్పగలిగిన పిల్లలకూ, నిజంగా తప్పు చెయ్యని పిల్లలకూ పెద్దగా పొంతన లేదు. ఆదివారం బైబిలు బడికి వెళ్లినా, గుణశీలం నేర్పే సంఘాల్లో చేరినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా కనిపించింది మరోచోట. తరగతి గదిలో. ఒకే గదిలో కూర్చునేవాళ్లు ఒకేలా ప్రవర్తించారు. టీచరుతో చనువూ నమ్మకమూ ఉన్న గదుల్లో మోసం తక్కువ.

పెద్దవాళ్ల సంగతీ చూద్దాం. 1973లో అచ్చయిన ఇంకో ప్రయోగం ఉంది. ప్రిన్‌స్టన్‌లో మత ప్రచారకులు కావడానికి చదువుతున్న నలభై మంది విద్యార్థులు. కొందరికి బైబిల్లోని మంచి సమరయుడి కథ మీద ప్రసంగించమని చెప్పారు. దారిలో పడి ఉన్న బాటసారిని ఆదుకున్న మనిషి కథ అది. పక్క భవనానికి పంపించి, దారిలో ఓ మనిషిని మూలుగుతూ పడి ఉండేలా ఏర్పాటు చేశారు. తీరిక ఉన్నవాళ్లలో నూటికి 63 మంది ఆగారు. ‘ఆలస్యమైంది, పరుగెత్తు’ అని చెప్పి పంపినవాళ్లలో ఆగింది నూటికి పది మందే. మెదడులో ఏ కథ ఉందన్నది పెద్దగా పని చెయ్యలేదు. చేతి గడియారం పని చేసింది.

పొద్దున ఎనిమిదిన్నరకు హోసూరు బస్టాండులో పరుగెత్తే జనాన్ని చూసిన ఎవరికైనా ఇది నమ్మబుద్ధేస్తుంది.

నీతి పీరియడ్ కథ

ప్రభుత్వాలూ ఊరుకోలేదు. 1959లో శ్రీప్రకాశ గారి అధ్యక్షతన మత, నైతిక బోధనపై సంఘం వేశారు. 1964-66 కొఠారి కమిషన్ నైతిక విలువలకు వారానికి ఒకటి రెండు పీరియడ్లు కేటాయించమంది. 2000లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళికలో విలువల విద్య మీద వివాదమైతే, 2002లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మతాల గురించి చెప్పడం వేరు, మతబోధ వేరు అన్నది ఆ తీర్పు సారం.

బడిలో జరిగింది మాత్రం మీకూ తెలుసు, మాకూ తెలుసు. టైంటేబుల్లో ‘నీతిబోధ’ అని రాసి ఉన్న గంటలో లెక్కల సారు వచ్చి పోర్షన్ పూర్తి చేసేవారు. నీతికి ఉన్న ఒక్క గంటనూ ఎవరో ఒకరు ఎత్తుకుపోతారన్నది మేం నేర్చుకున్న మొదటి నీతి.

రెండోది పదో తరగతిలో. ఈ వ్యాసం రాస్తున్న మనిషికి సుమతీ శతకం పోటీలో బహుమతి వచ్చిన ఏడాదే అది. పబ్లిక్ పరీక్షలో మా గదికి కాపలా వచ్చిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి, ‘‘స్క్వాడ్ వస్తే దగ్గుతా. అప్పుడు లోపల పెట్టేయండి’’ అన్నారు. ఎవరి బడి, ఏ ఊరు అన్నది ఇప్పుడు అనవసరం. గదిలో అందరం రాశాం. బహుమతి పొందిన చెయ్యి కూడా రాసింది. మర్నాడు ఒక్కరికీ సిగ్గనిపించలేదు. దగ్గు గురించి చెప్పుకుని నవ్వుకున్నాం. సిగ్గు చాలా ఏళ్ల తర్వాత వచ్చింది.

ఇలాంటి గదిలోనే రాజకోటలో ఇంకో పిల్లాడు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు ఐదు ఇంగ్లిషు మాటలు రాయమన్నాడు. ‘కెటిల్’ అన్న మాట తప్పు రాశాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని టీచరే బూటు కాలితో సైగ చేశాడు. పిల్లాడు దిద్దుకోలేదు. ఆ పిల్లాడు గాంధీ. ఆయన ఆత్మకథలో ఈ సంగతి చదివి అందరం మెచ్చుకుంటాం. ఆ టీచరు గురించి మాట్లాడం. ఆయనకేమో వందల మంది వారసులు!

సత్య హరిశ్చంద్రుడంటే తిట్టు

గాంధీ చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, అందరూ అలా సత్యంగా ఎందుకు ఉండకూడదని పదే పదే అనుకున్నారట. హరిశ్చంద్రుడు మనకు దూరపువాడు కాదు. బళ్లారి రాఘవ గడ్డ, ధర్మవరం కృష్ణమాచార్యులు నాటకాలాడించిన ఊరు సరిహద్దుకు అవతలే ఉన్నాయి. బలిజేపల్లి వారి నాటకం ఆడుతున్నారంటే కాటి సీను కోసం తెల్లారే దాకా కూర్చున్న తాతలు ఇంకా ఉన్నారు.

కానీ ఒక్కసారి మన మాటలు మనమే వినాలి. ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్తే ‘వీడో పెద్ద సత్య హరిశ్చంద్రుడు’ అంటాం. మెచ్చుకుని కాదు, వెక్కిరించి. లంచం తీసుకోని ఉద్యోగిని ఇంట్లోవాళ్లే ‘బతకడం చేతకానోడు’ అంటారు. నాలుగు చేతులా సంపాదించినవాడు ‘బతకనేర్చినోడు’. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘జీతం ఎంత’ తర్వాత ‘పైన ఎంత’ అని అడిగేది ఏ దొంగల ముఠానో కాదు, పొద్దున పూజ చేసి వచ్చిన మేనమామే. పిల్లాడు పక్కనే కూర్చుని వింటాడు. వాడికి పద్యం వారానికి ఒకసారి, ఈ పాఠం రోజూ.

మా అవ్వకు చదువు లేదు. పల్లెలో చిన్న అంగడి ఉండేది. బెల్లం, కందిపప్పు, కిరసనాయిలు. తూచే ముందు ఖాళీ తక్కెడ పైకెత్తి గిరాకీ కళ్ల ముందు ఒక క్షణం పట్టుకునేది. ముల్లు మధ్యలో నిలిచినాకే సరుకు వేసేది. చీకట్లో చంటిపిల్ల వచ్చినా అంతే. ఎందుకవ్వా, ఎవరూ చూడరు కదా అని అడిగితే ‘‘నేను చూసుకోవద్దా?’’ అనేది. ఇంతకు మించి ఆమె ఏమీ బోధించలేదు. నేనేమైనా నేర్చుకుని ఉంటే అక్కడే. సగం మాత్రమే నేర్చుకున్నానని పదో తరగతి చెప్పింది.

అయితే బోధన దండగా?

అంత మాట కూడా అనలేం. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ విశ్వవిద్యాలయంలో ఓ తత్వశాస్త్ర ఆచార్యుడు మొదట నీతిశాస్త్రం చెప్పే పంతుళ్లే మిగతావాళ్లకన్నా మంచిగా ఉంటున్నారా అని లెక్కలు తీశాడు. లేరని తేలింది. తర్వాత ఆయన, ఇంకో ఇద్దరు కలిసి వేరే పరీక్ష చేశారు. 2020లో అచ్చయింది. జంతువుల్ని తినడం సరైనదేనా అని విద్యార్థులతో చదివించి, చర్చ పెట్టి, తర్వాత క్యాంటీన్ బిల్లులు చూశారు. మాంసం ఉన్న వంటకాల కొనుగోళ్లు నూటికి 52 నుంచి 45కు తగ్గాయి. వేరే అంశం చర్చించిన వాళ్లలో మార్పు లేదు. మాంసం తినొచ్చా లేదా అన్నది ఎవరి ఇష్టం వారిది. వాదించి, ఎదురు ప్రశ్న వేసి, తనకు తాను తేల్చుకున్న మాట చేతిదాకా కొంత వస్తుందన్నదే ఇక్కడ సంగతి. అప్పజెప్పిన మాట గొంతు దగ్గరే ఆగుతుంది.

మన నిజాయితీ అంగడికి ఇంకా దగ్గరి కథ ఒకటుంది. 1974లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో కోల్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సాయంతో క్లస్టర్ స్కూల్ అని ఓ చిన్న బడి మొదలైంది. నియమాలు పిల్లలూ టీచర్లూ కలిసి ఓటేసి పెట్టుకోవాలి. ఒకసారి ఎవరిదో పర్సులోంచి తొమ్మిది డాలర్లు పోయాయి. దొంగ ఎవరో చెప్పరు. సభ పెట్టారు. డబ్బు పోయింది ఒకరిదే అయినా నమ్మకం పోయింది అందరిదీ, కాబట్టి తలా పదిహేను సెంట్లు వేసి తిరిగివ్వాలని ఓ అమ్మాయి వాదించింది. అలాగే చేశారు. ఆ తర్వాత అక్కడ దొంగతనాలు ఆగాయని కోల్‌బర్గ్ బృందం రాసింది.

గాంధీ కూడా ఫీనిక్స్ ఆశ్రమంలో ఇద్దరు తప్పు చేస్తే వాళ్లను కొట్టలేదు. తానే ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. అది అందరికీ సాధ్యం కాదు. లెక్కల సారును ఉపవాసం ఉండమంటే బాగుండదు.

నలభై మూడు రూపాయలు

బాగలూరు దారిలోని టీచరమ్మకు కోల్‌బర్గ్ పేరు తెలియదు. మొదటి వారం లెక్క తప్పినప్పుడు తోటి ఉపాధ్యాయులు రెండు సలహాలిచ్చారట. ఒకటి, అంగడి మూసేయమని. రెండోది, కెమెరా పెట్టమని. ‘‘కెమెరా పెడితే ఇంగ అది నిజాయితీ అంగడి ఎట్లయితాది? మామూలు అంగడే కదా’’ అన్నారామె. డబ్బా తెచ్చి ప్రార్థన దగ్గర నాణేలన్నీ కింద పోసి లెక్కపెట్టించారు. ఎవరు తీశారని అడగలేదు. ఎందుకు తగ్గి ఉంటాయో చెప్పమన్నారు.

మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. రెండో రోజు ఒకటొకటే బయటికొచ్చాయి. పది రూపాయల నోటు వేస్తే చిల్లర లేదు, రేపు తీసుకుందామని ఊరుకుని, రేపు ఎక్కువ తీసేసుకున్నామని ఇద్దరు. ఐదు అనుకుని మూడు వేశామని ఇంకొకరు. ధర రాసిన అట్ట తమిళంలో ఉంది, ఒకటో తరగతి వాడికి చదవరాలేదు. చివర్లో ఆరో తరగతి పిల్ల లేచి, ‘‘పరీక్ష రోజు పెన్సిల్ లేదు. డబ్బు లేదు. అడిగేదానికి ఇక్కడ మనిషే లేడు కదా టీచర్’’ అంది.

అప్పు పుస్తకం ఆలోచన పిల్లలదే. దారంతో బల్లకు కట్టిన నోటుపుస్తకం. డబ్బు లేకపోతే తీసుకున్నది అందులో రాయాలి. పేరు రాయాలా వద్దా అని గంట సేపు వాదించుకుని, రాయక్కర్లేదని తేల్చారు. ధరల అట్ట ఇప్పుడు రెండు భాషల్లో ఉంది. తక్కువైన నలభై మూడు రూపాయల్ని ఎలా పూడ్చాలన్నది మాత్రం తేలలేదు. టీచర్లు వేస్తామంటే పెద్ద పిల్లలు ఒప్పుకోలేదు. ఇంటి నుంచి అడిగి తెచ్చే డబ్బు మాది ఎట్లవుతుందని ఒకడు అడ్డం తిరిగాడు. చివరకు బడి తోటలో కరివేపాకు అమ్మి వేశారు. మూడు వారాలు పట్టింది.

ఇప్పుడు లెక్క సరిగ్గా ఉంటోందా? ‘‘అన్ని వారాలూ లేదు. పోయిన వారం రెండు రూపాయలు తక్కువ. దానికి ముందు వారం ఆరు రూపాయలు ఎక్కువ. ఎక్కువెట్ల వచ్చిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు’’ అన్నారు టీచరమ్మ.

వచ్చేటప్పుడు ఓ పెన్ను తీసుకున్నాం. ఐదు రూపాయలు. జేబులో పది కాగితం ఉంది. డబ్బాలో చూస్తే చిల్లర లేదు. పోనీలే అని పది వేసి కదలబోతుంటే, స్తంభం పక్కన నిలబడి చూస్తున్న నాలుగో తరగతి పిల్లాడు పరుగున వచ్చాడు. ‘‘సార్, అట్ల పోకూడదు. పుస్తకంలో రాయాల. అంగడి మీకు ఐదు రూపాయలు బాకీ.’’

ఎక్కువే కదరా ఇచ్చింది అంటే ఒప్పుకోలేదు. లెక్క తప్పుతుందట. పుస్తకం తీసి రాశాం. తారీఖు మరిచిపోతే అదీ వేయించాడు.